తెలుగు పేరు చేసిన నేరమేమిటి?

వెబ్‌హుక్ సంతకం సరిపోలకపోతే తప్పు తెలుగు లిపిదేనని తేల్చివేసే ప్రోగ్రామర్ల ధోరణి మీద నాకు గట్టి అభ్యంతరం ఉంది. ఊరికే ఈ మాట అంటే, తెలుగు పంతులు గనక తెలుగును వెనకేసుకొస్తున్నాడని కొట్టిపారేస్తారు. అందుచేత సంగతి మొదటినుంచీ చెప్పుకొస్తాను. మీలో ప్రోగ్రాములు రాసేవారు చాలామందే ఉన్నారు. వారికి తెలిసిన విషయాలే కొన్ని మళ్ళీ చెప్పవలసి వస్తుంది, మన్నించాలి. తక్కినవారికి పద్యలక్షణం కాస్త తెలిసి ఉంటే చాలు, ఇదీ బోధపడుతుంది.

ఒక జాలస్థలిలో ఎవరో చందా కట్టారనుకోండి. సొమ్ము మొదట చేరేది ఆ స్థలం వారికి కాదు, నడుమ ఉన్న చెల్లింపుల సంస్థకు. సొమ్ము ముట్టిందన్న కబురును ఆ సంస్థ సర్వరు మన సర్వరుకు తనంత తానుగా పంపుతుంది. ఇలా కబురంపే పద్ధతికి వెబ్‌హుక్ అని 2007లో జెఫ్ లిండ్సే అనే ప్రోగ్రామరు పేరుపెట్టాడు. కబురు అందగానే మన ప్రోగ్రాము రశీదు రాస్తుంది, పుస్తకం పంపమని గుమాస్తాకు చెబుతుంది, ఖాతాలో జమ వేస్తుంది. ఇక్కడే చిక్కుంది. కబురందుకొనే చిరునామా లోకానికంతటికీ తెరిచి ఉన్న వాకిలి. ఆ చిరునామా తెలిసిన ఎవడైనా సరే, "ఫలానావారు అయిదువేలు కట్టారు" అని అచ్చం అలాంటి కబురే పంపవచ్చు. దారి పొడవునా తాళం బొమ్మ కనిపిస్తోంది కదా, హెచ్‌టీటీపీఎస్ ఉంది కదా అని కొందరు అంటారు. ఆ తాళం దారిలో ఉత్తరాన్ని ఎవరూ విప్పకుండా కాపాడుతుంది. తలుపు తట్టినవాడు ఎవడో మన సర్వరుకు అది చెప్పదు.

మకుటంతో పోల్చి చూడండి. వేమన మకుటం తగిలించిన ప్రతి పద్యమూ వేమనది కాదని మనకందరికీ తెలుసు. బ్రౌను దొర 1829లో వేమన పద్యాలను అచ్చువేయించాడు. ఆనాటినుంచి ఈనాటిదాకా ఏది వేమనది, ఏది కాదు అన్న తర్కం తెగలేదు. ఎలా తెగుతుంది? ఆ మకుటం పశువుల కాపరికీ తెలుసు, పండితుడికీ తెలుసు. ఎవరికి తోచిన నీతిని వారు మూడు పాదాల్లో చెప్పి నాలుగో పాదంగా దానిని తగిలించవచ్చు. కబురు లోపల "నేను ఫలానా సంస్థను" అని రాసి ఉండటం ఇటువంటి మకుటమే.

ఇక ఛందస్సు. ఆటవెలది రెండో పాదంలో అయిదు సూర్యగణాలు ఉండాలి. తాటాకు మీద రాసేవాడు ఒక లఘువు జారవిడిస్తే గణం విరుగుతుంది, చదివేవాడి నాలుక అక్కడ తడబడుతుంది. ఇన్ని వందల ఏళ్ళపాటు మన పద్యాలు ఈమాత్రం చెడకుండా నిలిచాయంటే గణాలూ యతిప్రాసలూ చేసిన కాపలా సామాన్యమైనది కాదు. అయితే ఆ కాపలా పొరపాటును పట్టిస్తుందే గాని మోసాన్ని పట్టించదు. దొంగపద్యం అల్లేవాడికీ ఛందస్సు వచ్చు. కంప్యూటరువారి హ్యాష్ అనే లెక్క ఇలాంటిదే. షా-256 అన్న సూత్రానికి ఎంత పెద్ద పాఠమిచ్చినా 32 బైట్ల ముద్దగా చేసి, 64 గుర్తుల వరుసగా చూపిస్తుంది. పాఠంలో ఒక్క చుక్క మారినా వరుస మొత్తం మారిపోతుంది. కాని ఆ సూత్రం బహిరంగం. దొంగ తన దొంగకబురుకు తానే లెక్క కట్టి జతచేయగలడు.

అందుకని మిహిర్ బెల్లారే, రాన్ కానెట్టి, హ్యూగో క్రాచిక్ అనే ముగ్గురు 1996లో ఒక ఉపాయం చెప్పారు. అదే హెచ్‌మ్యాక్. 1997 ఫిబ్రవరిలో ఆర్‌ఎఫ్‌సీ 2104గా వెలువడింది. పంపేవారికీ అందుకొనేవారికీ మాత్రమే తెలిసిన ఒక రహస్యపదాన్ని పాఠంతో కలిపి హ్యాష్ కడతారు. వచ్చినదానిని మళ్ళీ అదే రహస్యపదంతో కలిపి ఇంకొకసారి కడతారు. రహస్యం తెలియనివాడు ఆ ఫలితాన్ని రాబట్టలేడు. చెల్లింపుల సంస్థ ఈ ఫలితాన్ని కబురుకు పైన, శీర్షికల్లో ఒకటిగా పంపుతుంది. రేజర్‌పే వారిది ఎక్స్-రేజర్‌పే-సిగ్నేచర్ అన్న శీర్షిక, స్ట్రైప్ వారిది స్ట్రైప్-సిగ్నేచర్, గిట్‌హబ్ వారిది ఎక్స్-హబ్-సిగ్నేచర్-256. మన ప్రోగ్రాము తన దగ్గరున్న రహస్యంతో అదే లెక్క మళ్ళీ కట్టి రెండూ ఒకటేనా అని చూడాలి. పీహెచ్‌పీలో ఈ లెక్కకు హ్యాష్‌హెచ్‌మ్యాక్ అనే ఫంక్షను 5.1.2 కూర్పునుంచీ, అంటే 2006నుంచీ ఉంది. ఒకే ఒక్క వాక్యం పని.

దీనిని సంతకం అనడం నాకు నచ్చదు. సంతకం పెట్టినవాడు ఒక్కడే పెట్టగలగాలి, చూసేవారందరూ గుర్తుపట్టగలగాలి. ఇక్కడ రహస్యం ఇద్దరి దగ్గరా ఉంటుంది గనక, అందుకొన్నవాడు కూడా అదే గుర్తు వేయగలడు. జంట ఉంగరాల్లో చెరొకటి పెట్టుకొన్న ఇద్దరి నడుమ ముద్ర ఇది. డిస్కార్డ్ వంటివారు వాడే ఎడ్25519 పద్ధతి మాత్రం నిజంగా సంతకమే. అందులో వేసే తాళంచెవి వేరు, చూసే తాళంచెవి వేరు. అయినా లోకం సంతకం అంటోంది, నేనూ ఇకమీద అలాగే అంటాను.

ఇప్పుడు తెలుగు పేరు సంగతికి వద్దాం. నేను పనులు చూసే ఒక చిన్న గ్రంథాలయం చందాలనూ పుస్తకాల వెలనూ జాలం ద్వారా తీసుకోవడం మొదలుపెట్టింది. స్థలాన్ని పీహెచ్‌పీలో తయారుచేసి ఇచ్చింది ఒక సంస్థ, పేరెందుకు? వారు పరీక్ష కోసం కట్టిన చందాలన్నీ ఇంగ్లీషు పేర్లతోనే కట్టారు. అన్నిటికీ సంతకం సరిపోయింది. మొదలుపెట్టిన వారంలోనే ఒక పెద్దాయన తన పేరు తెలుగులో నింపి వెయ్యి రూపాయలు కట్టారు. సొమ్ము ఆయన ఖాతాలోంచి పోయింది, రశీదు రాలేదు. సంతకం కుదరలేదని ప్రోగ్రాము కబురును తిప్పికొట్టింది. సంస్థవారు రెండు మందులు వేశారు. ఫారము మీద "పేరు ఇంగ్లీషులో మాత్రమే నింపవలెను" అని ఎర్ర అక్షరాలతో ఒక పంక్తి పెట్టారు. ఎందుకైనా మంచిదని సంతకం చూసే వాక్యాన్ని పనిచేయకుండా వ్యాఖ్యగా మార్చేశారు! మొదటిది మర్యాద తప్పిన పని. రెండోది వాకిలి తలుపు పీకి పక్కన పెట్టడం. తెలుగు గ్రంథాలయంలో తెలుగు పేరు చెల్లదట.

నా పాత శిష్యుడొకడు పదేళ్ళుగా పీహెచ్‌పీ రాస్తున్నాడు. కోడు చూపిస్తే పావుగంటలో తేల్చాడు.

"మాస్టారూ, తప్పు తెలుగుది కాదండీ. వీళ్ళు వచ్చిన ఉత్తరాన్ని తిరగరాసి, ఆ తిరగరాసినదాని మీద సంతకం చూస్తున్నారు."

"తిరగరాయడమంటే ఏమిటిరా? అర్థం మారిందా?"

"అర్థం మారలేదండీ. అక్షరాలు మారాయి."

కబురు వచ్చేది జేసన్ అనే రూపంలో. దానిని జేసన్ డీకోడు అనే ఫంక్షనుతో విప్పి పట్టికగా చేసుకొన్నారు. తర్వాత సంతకం చూడటానికి అదే పట్టికను జేసన్ ఎన్‌కోడుతో మళ్ళీ మడిచి, దాని మీద లెక్క కట్టారు. విప్పి మడిస్తే ఉత్తరం మళ్ళీ అదే అవుతుందని వారి నమ్మకం. కాదు. పీహెచ్‌పీ ఎన్‌కోడు ఫంక్షను, వద్దని చెప్పకపోతే, ఇంగ్లీషేతర అక్షరాన్నల్లా వెనక గీత, యు, ఆపైన నాలుగు గుర్తుల సంకేతంగా మార్చి రాస్తుంది. రామయ్య అన్న పేరు తీసుకోండి. యూనికోడు లెక్కలో ఆరు సంకేతాలు: ర, దీర్ఘం, మ, య, పొల్లు, మళ్ళీ య. యుటిఎఫ్-8లో ఒక్కొక్కటి మూడు బైట్లు, మొత్తం పద్దెనిమిది. సంస్థ పంపింది ఆ పద్దెనిమిది. వీరు తిరగరాశాక ఒక్కొక్క సంకేతానికి ఆరు గుర్తుల వంతున ముప్పై ఆరయింది. పద్దెనిమిదింటి మీద వేసిన ముద్రను ముప్పై ఆరింటి మీద వెతికితే ఎలా కనబడుతుంది? ఇంగ్లీషు పేరు విప్పినా మడిచినా ఒకేలా ఉంటుంది గనక పరీక్షలన్నీ నెగ్గాయి.

ఇంగ్లీషుకైనా ఇది ఎల్లకాలం నడిచే వ్యవహారం కాదు. పాఠంలో జాలపు చిరునామా ఒకటి ఉండి అందులో ఏటవాలు గీత వస్తే, ఎన్‌కోడు దాని ముందు ఇంకొక వెనక గీత చేరుస్తుంది. 100.0 అని వచ్చినదానిని 100 అని రాస్తుంది. ఖాళీ మీసాల బ్రాకెట్లు పట్టికగా విప్పి మడిచేసరికి ఖాళీ చదరపు బ్రాకెట్లవుతాయి. పంపినవారు అందం కోసం వదిలిన ఖాళీలు మాయమవుతాయి. వీటిలో ఏది జరిగినా సంతకం కుదరదు. తెలుగు పేరు చేసిన పాపమల్లా, మొదటి వారంలోనే ఈ లోపాన్ని బయటపెట్టడం. దానికి బహుమానం ఇవ్వవలసింది పోయి శిక్ష వేశారు.

యూనికోడును విడమర్చి రాయవద్దనే సూచన ఎన్‌కోడుకు ఇస్తే సరిపోతుందిగా అని కొందరంటారు. ఆ సూచన 5.4 కూర్పునుంచీ ఉన్నమాట నిజమే. దానితో రామయ్య గట్టెక్కుతాడు, ఏటవాలు గీత దగ్గర మళ్ళీ మునుగుతాడు. దానికింకొక సూచన, దశాంశానికి మరొకటి... ఇలా అతుకులు వేస్తూ పోవడం కంటే, వచ్చిన పాఠాన్ని వచ్చినట్టే ముందు తీసుకోవడం తేలిక. పీహెచ్‌పీ-ఇన్‌పుట్ అనే ప్రవాహాన్ని ఫైల్‌గెట్‌కంటెంట్స్‌తో చదివితే సంస్థ పంపిన బైట్లు యథాతథంగా దొరుకుతాయి. లారావెల్ వాడేవారికి గెట్‌కంటెంట్ అన్న పిలుపుతో దొరుకుతాయి. లెక్క వాటిమీద కట్టాలి. సంతకం కుదిరాకే డీకోడు చేసి లోపలి అర్థం చూడాలి. రేజర్‌పే వారు తమ పత్రాల్లో ఈ సంగతి స్పష్టంగానే రాశారు. చదివేవారేరీ?

నాబోటి పండిత శిక్షణ పొందినవాడికి ఇక్కడ ఒక ప్రమాదం పొంచి ఉంటుంది. మాకు పాఠాన్ని పరిష్కరించడం నేర్పారు. పదిప్రతులు ముందేసుకొని, పాఠాంతరాలు చూసి, చెడినచోట దిద్ది, శుద్ధప్రతిని తయారుచేయడం గొప్ప విద్య. బ్రౌను చేయించినదీ అదే. సంతకం చూసే చోట మాత్రం ఆ విద్యకు ప్రవేశం లేదు. అక్కడ పని పరిష్కర్తది కాదు, చూసినదానిని చూసినట్టే దింపానని ప్రతి చివర విన్నవించుకొనే పాతకాలపు లేఖకుడిది.

తెలుగుకు సంబంధించి ఈ విషయంలో ఇంకొక సూక్ష్మం ఉంది, ఇంగ్లీషు మాత్రమే చూసేవారి దృష్టికి రాదు. మన ఐత్వపు గుర్తును యూనికోడులో రెండు విధాలుగా రాయవచ్చు. 0సి48 అన్న ఒకే సంకేతంగా రాయవచ్చు. లేదా 0సి46 అన్న ఎత్వానికి 0సి56 అన్న ఐత్వపు అడుగుకొమ్మును చేర్చి రెండు సంకేతాలుగా రాయవచ్చు. తెరమీద రెండూ ఒకటే. యూనికోడు శాస్త్రం కూడా రెండూ సమానమనే చెబుతుంది. బైట్లు మాత్రం ఒకచోట మూడు, ఇంకొకచోట ఆరు. సైదులు, మైథిలి, వైదేహి వంటి పేర్లన్నీ ఈ గండంలో ఉన్నవే. అలాగే "సాఫ్ట్‌వేర్" వంటి మాటలో పొల్లు విడిగా కనబడటానికి నడుమ కంటికి కనబడని ఒక విడదీత గుర్తు వేస్తాం. పాఠాన్ని శుభ్రం చేస్తామంటూ కొన్ని ప్రోగ్రాములు దానిని తుడిచిపెడతాయి. వెదకడానికో, వరుస పెట్టడానికో ఈ శుభ్రత అవసరమే, కాదనను. చేయదలిస్తే సంతకం చూశాక చేసుకోండి.

సరే, లెక్క కట్టాం. రెండు వరుసలనూ పోల్చడం ఎలా? మామూలు సమానపు గుర్తులు పెట్టవద్దంటారు. కారణం విన్నప్పుడు నాకు తరగతి గది గుర్తొచ్చింది. పద్యం అప్పచెబుతున్న కుర్రవాణ్ణి తప్పుపోయిన మొదటి అక్షరం దగ్గరే ఆపామనుకోండి. అంతవరకూ సరిగ్గా చెప్పానని వాడికి తెలిసిపోతుంది. మరుసటిసారి ఆ అక్షరం మార్చి చూస్తాడు. అలా ఆపుతూ పోతే పద్యం రానివాడు కూడా మన చేతనే పద్యమంతా చెప్పించుకోగలడు. మామూలు పోలిక తేడా కనబడ్డచోటనే ఆగుతుంది. ఎంతసేపటికి ఆగిందో ఓపికగా కొలిచే దొంగకు ఆ కాలవ్యవధే ఆధారం. పీహెచ్‌పీ 5.6లో, అంటే 2014లో, హ్యాష్‌ఈక్వల్స్ అనే ఫంక్షను వచ్చింది. అది ఎక్కడ తప్పుందో చెప్పదు, చివరిదాకా విని "కాదు" అంటుంది. మంచి మాస్టారు.

శిష్యుడు చూపించిన మరొక లోపం నన్ను నిజంగా భయపెట్టింది. రహస్యపదాన్ని సర్వరు అమరికలనుంచి తెచ్చుకొనే చోట, అది దొరకకపోతే ఏం చేయాలో రాయలేదు. దొరకనప్పుడు పీహెచ్‌పీ చాలా సందర్భాల్లో ఖాళీ పదంతోనే లెక్క కట్టేస్తుంది, కిమ్మనదు. ఖాళీ పదమంటే లోకమంతటికీ తెలిసిన రహస్యం! సర్వరు మార్చిన రోజున ఆ ఒక్క అమరిక మరిచిపోతే, పరీక్ష జరుగుతున్నట్టే కనిపిస్తూ ఎవరు వేసిన ముద్రయినా చెల్లుతుంది. సంతకపు శీర్షిక అసలు రాకపోతే పరీక్ష అక్కరలేదని వదిలేసే కోడు కూడా ఇలాంటిదే. రహస్యం లేకపోయినా, శీర్షిక లేకపోయినా అక్కడికక్కడే ఆగి కబురును నిరాకరించాలి.

రహస్యం దొంగల చేతిలో పడితే ఏమవుతుందో విశాఖదత్తుడు ముద్రారాక్షసంలో చూపించాడు. రాక్షసమంత్రి ఉంగరం చందనదాసు ఇంట జారిపడి, నిపుణకుడనే చారుడి ద్వారా చాణక్యుడికి చేరింది. చాణక్యుడు రాక్షసుడి మిత్రుడైన శకటదాసు చేతనే, వాడికి తెలియకుండా, ఉత్తరం రాయించి ఆ ఉంగరంతో ముద్ర వేయించాడు. ఉత్తరం పట్టుబడ్డప్పుడు మలయకేతువు గుడ్డిగా నమ్మాడనడానికి వీల్లేదు. ముద్ర చూశాడు, దస్తూరీ కూడా పోల్చి చూశాడు. అన్నీ కుదిరాయి. అందుకే మోసపోయాడు. రహస్యపదాన్ని కోడులోనే రాసి ఆ కోడును నలుగురూ చూసే భాండాగారంలో పెట్టేవారు ఉంగరాన్ని వీధి గడపలో పారేసినవారే. మా గ్రంథాలయపు కోడులో అదే జరిగింది. సంస్థ మనుషులు ఎందరు చూశారో ఎవరికెరుక? చెల్లింపుల సంస్థవారి పుటలోకి వెళ్ళి రహస్యం మార్పించాము. పాతదానికి ఇక పనిలేదు.

అసలైన ఉత్తరాన్నే పట్టుకొని పదిసార్లు పంపేవాడు ఇంకొకడుంటాడు. ముద్ర అసలుదే గనక ప్రతిసారీ కుదురుతుంది. స్ట్రైప్ వారు ఇందుకోసం పంపిన వేళను కూడా పాఠానికి ముందు చేర్చి, రెండింటిమీదా కలిపి ముద్ర వేస్తారు. వారి ప్రోగ్రాములు మామూలుగా అయిదు నిమిషాలు దాటిన ఉత్తరాన్ని ఒప్పుకోవు. వేళ పంపని సంస్థల విషయంలో ప్రతి కబురుకూ ఉండే గుర్తుసంఖ్యను మన పట్టికలో రాసుకొని, రెండోసారి వస్తే పక్కన పెట్టాలి. దొంగ సంగతి అటుంచి, సంస్థవారే జవాబు ఆలస్యమైనప్పుడు అదే కబురును మళ్ళీ పంపుతూంటారు. ఒక పుస్తకం కొన్నవారికి మూడు వెళ్ళిన సందర్భాలు నేనెరుగుదును.

మా ఫారము మీది ఎర్ర పంక్తి తీసేశారు. కాని ఆ పంక్తి ఇంకా ఎన్ని చోట్ల ఉందో గమనించండి. పరీక్షల దరఖాస్తులు, సంఘాల సభ్యత్వాలు, పుస్తకాల దుకాణాలు... ఎక్కడ చూసినా పేరు ఇంగ్లీషులోనే. అన్నిచోట్లా కారణం వెబ్‌హుక్ అని నేననను. ఎక్కడో ఒకచోట తెలుగుతో ఏదో కుదరలేదు, ఎందుకు కుదరలేదో చూసే ఓపిక లేక ఆ పంక్తి రాసేశారని మాత్రం నా అనుమానం. కనబడ్డచోటల్లా కారణం అడగమని మిత్రులకు నా విన్నపం. ప్రోగ్రాములు రాసే మిత్రులకు ఇంకొక విన్నపం కూడా. మీ పరీక్షా పాఠాల్లో వైదేహి అనే పేరు ఒకటి, కనబడని విడదీత ఉన్న మాట ఒకటి, ఏటవాలు గీత ఒకటి తప్పక ఉంచండి.

మొన్న ఒక పుస్తకాల దుకాణంవారిని అడిగాను. "మా డేటాబేసుకు తెలుగు పట్టదండీ, మైఎస్‌క్యూఎల్ పాత యుటిఎఫ్8 పట్టిక" అన్నారు. ఆ పాత పట్టిక అక్షరానికి మూడు బైట్లదాకా ఇముడ్చుకొంటుంది. తెలుగు అక్షరానికి కావలసింది సరిగ్గా మూడే. నాలుగు బైట్లు కావలసిన నవ్వుమొహాల బొమ్మలు అందులో పట్టవు గాని, వైదేహి సుఖంగా పడుతుంది. అదే రాసి పంపాను, జవాబు కోసం చూస్తున్నాను.